నంబరు కిందికి రాని లైను

బాబూమియా స్పేస్ బార్ నొక్కే పద్ధతి చూస్తే ఎవరికైనా ఆ బార్ మీద జాలి కలుగుతుంది. వాడేది కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే. దాన్ని పైకి లేపి, కాసేపు ఆగి, టక్కుమని దించుతాడు. కళ్లజోడు ముక్కు మీదికి తోసుకుని తెర వైపు చూస్తాడు. తృప్తి కలగకపోతే ఇంకొక్కటి. గోడకు మేకు కొట్టేవాడు కూడా అంత ఆలోచించడు.

అఫ్జల్‌గంజ్‌లో ఎండుమిర్చి దుకాణం మీద మొదటి అంతస్తు మాది. కింద బస్తా దించినప్పుడల్లా పైన ముగ్గురం ఒకేసారి తుమ్ముతాం. ఒకరు ఓనరు బాబూమియా, అరవై ఎనిమిదేళ్లు. ఇంకొకరు వెనక గదిలో పుస్తకాలు కుట్టే ఖుష్బూ. మూడోదాన్ని నేను, యశోదను, కంప్యూటర్లో పేజీలు కట్టేదాన్ని. కోఠీలో ఒక ఆఫీసులో పదకొండేళ్లు ఇదే పని చేసి, అది మూతపడితే ఇక్కడికొచ్చాను. ఆ పదకొండేళ్ల ముచ్చట ఎందుకు చెబుతున్నానంటే, చేరిన రోజే బాబూమియా నాతో ఒక మాటన్నాడు.

"చూడు బిడ్డా, మ్యాటరంత నీది. హెడింగులు మాత్రం నావి. వాటికి చెయ్యి పెట్టొద్దు. అన్నం నువ్వు వండు, కూర నేను చూసుకుంట."

ఆయన కాలంలో ప్రెస్సుల్లో పద్ధతి అదేనట. పదహారో ఏట సీసం అక్షరాలు పేర్చే పనిలో చేరాడు. కొత్తవాళ్లకు మ్యాటరు, ఉస్తాదుకు హెడింగులు. తెలుగు చదవడం కూడా ఆయన బళ్లో కాదు, ఆ సీసం అక్షరాల్లోనే నేర్చుకున్నాడు. అందుకే ఇప్పటికీ అక్షరాలు తిరగేసి ఉంటే ఇంకా వేగంగా చదువుతాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఒళ్లు మండింది. పదకొండేళ్లు హెడింగులు పెట్టిన దాన్ని పట్టుకుని అన్నం వండమంటాడా! సరే, నీ కూర నువ్వే వండుకో అనుకున్నాను. నా కోపం పాలపొంగు లాంటిది కాదు. బయటికి కనపడదు, తొందరగా చల్లారదు.

ఆయన వండుకోవాల్సిన కూరను బీరయ్య సంచిలో వేసుకొచ్చాడు. ధూల్‌పేట్ వెనకాల ఇరవై ఆరు బర్రెల కొట్టం ఆయనది. పుట్టినప్పటి నుంచి నేర్చిన బర్రెల విద్యంతా ఆయన చెబుతుంటే మనవరాలు నందిని నాలుగు లాంగ్ నోటుబుక్కుల్లో రాసింది. పన్నెండు అధ్యాయాలు, రెండువందల పన్నెండు హెడింగులు. దీపావళి దాటాక దున్నపోతులను ముస్తాబు చేసి ఊరేగించే సదర్ నాడు, పాల సంఘం వాళ్లందరికీ ఆ పుస్తకం పంచాలని ఆయన కోరిక.

ఆ హెడింగుల గురించి చెప్పాలి. మామూలు మనుషులు 'పాలు పిండుట' అని హెడింగు పెట్టి కింద నాలుగు పేజీలు రాస్తారు. బీరయ్య ఆ నాలుగు పేజీలనూ హెడింగులోకే ఎక్కించాడు. ఒకటి నాకు కంఠతా వచ్చేసింది. '6.3 అత్తగారింటికి పోయొచ్చిన కొడుకుతోని ఆ పొద్దు పాలు పిండియ్యొద్దు, వాని సెంటు వాసన బర్రెకు పడది, తంతది.' దాని కింద మ్యాటరు రెండే మాటలు, 'పైన చెప్పినట్టే' అని.

"గింత పొడుగెందుకు బాపూ?" అని అడిగాను.

"మావోల్లు హెడింగు తప్ప కింద సదువరు బిడ్డా. నాకు తెల్వదా? అందుకే అంత పైన్నే పెట్టిన."

నేనూ చాలా పుస్తకాలను అలాగే చదువుతాను.

మొదటి ప్రూఫు చూసి బీరయ్య మొహం చిట్లించాడు. హెడింగులన్నీ రెండేసి, మూడేసి లైన్లు. మొదటి లైను నంబరుతో మొదలవుతుంది. రెండో లైను మాత్రం మళ్లీ మార్జిను దగ్గరికి వచ్చి, నంబరుకు సరిగ్గా కింద కూర్చుంటుంది.

"గిదేంది బాబూ భాయ్? నంబరు బర్రెను కట్టేసే గూటం. మాట బర్రె. బర్రె గూటానికి గీ పక్క వరుసగ నిలవడాలె గని, సగం బర్రె తలుగు తెంపుకొని గూటం కిందికి పోయి పండుకుంటదా? మా కొట్టంల గిట్లుంటె చూసినోళ్లు నవ్వుతరు."

బాబూమియాకు ఆ మాట గుచ్చుకుంది. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "జబాన్ ఇస్తున్న బీరన్నా. ఒక్క లైను గూడ నంబరు కిందికి రాదు. పుస్తకంల ఒక్కటొచ్చినా మా షాపు బోర్డు దించేస్త."

ఆయన బోర్డు దించుతానన్నాడంటే దించుతాడు. ఒకసారి పెళ్లికార్డులో పెళ్లికొడుకు తాత పేరు తప్పు పడితే, వాళ్లు పోనీలెమ్మన్నా వినకుండా ఆరువందల కార్డులు మళ్లీ వేయించిన మనిషి.

ఆయన ఆ మాట అంటున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి వాటికి ఒక కొలత ఉంటుంది. మొదటి లైను మార్జిను దగ్గర మొదలవ్వాలి, తక్కిన లైన్లు ఇంత లోపలికి జరగాలి అని ఒక్కచోట చెబితే చాలు, ఆ రకం హెడింగులన్నీ ఆ మాట వింటాయి. అది నాకు బాగా తెలుసు. చెప్పడానికి నోరు కూడా తెరిచాను. అంతలో ఆయన నా కుర్చీ పట్టుకుని, "జరుగు బిడ్డా, హెడింగులు నావి" అన్నాడు. తెరిచిన నోరు మూసుకున్నాను.

అప్పుడు మొదలైంది ఆ టక్కు టక్కు. మొదటి లైను ఎక్కడ తెగాలో చూసి ఎంటర్ కొడతాడు. తర్వాత రెండో లైను మొదటి అక్షరం, పై లైనులో మాట మొదలైన చోటుకు సరిగ్గా కిందికి వచ్చేదాకా స్పేస్ బార్ నొక్కుతాడు. 1.4 అనే నంబరుకు తొమ్మిది స్పేసులైతే 4.12కు పదకొండు పట్టేవి. తెరకు ప్లాస్టిక్ స్కేలు ఆనించి సరిచూసేవాడు. రోజుకు పదకొండు, పన్నెండు హెడింగులు.

రెండో రోజుకే నేను, ఖుష్బూ పందెం మొదలుపెట్టాం. వచ్చే హెడింగుకు ఎన్ని స్పేసులు పడతాయో ఇద్దరం ముందే చెప్పాలి. ఓడినవాళ్లు కిందికి దిగి చాయ్ తేవాలి. ఆయన వెనకాల నిలబడి లోలోపలే లెక్కపెట్టుకుంటూ, నవ్వు ఆగక నేను చెంగు, అది చున్నీ నోట్లో కుక్కుకునేవాళ్లం. ఆయన రోజురోజుకీ ఇంకా నెమ్మదించాడు. మొదట్లో వేలు లేపితే దించేవాడు. రెండో వారానికి వేలు లేపి, ఓసారి నా వైపు చూసి, అప్పుడు దించేవాడు. వయసు మీద పడుతోంది పాపం అనుకున్నాను. పాపం అనుకుంటూనే పందెం కాశాను.

అలా పంతొమ్మిది రోజులు. రెండువందల పన్నెండు హెడింగులు, నిజం చెప్పాలంటే చూడముచ్చటగా నిలబడ్డాయి. సదర్‌కు ఇంకా ఐదు రోజులుంది. ఆ సాయంత్రం ఐదింటికి ఫైలు ప్రెస్సుకు చేరాలి. దాటితే మిషను క్యాలెండర్లకు పోతుందని ప్రెస్సువాడు ముందే చెప్పాడు.

పొద్దున పదకొండింటికి బీరయ్య వచ్చి ఆఖరి ప్రూఫు చేతికి తీసుకున్నాడు. చెయ్యి ఎంత చాపగలడో అంత చాపి చూశాడు. తర్వాత కిటికీ దగ్గరికి పోయి చూశాడు.

"మస్తుంది భాయ్. బర్రెలన్ని వరుసల ఉన్నయి. గని అక్షరాలు సన్నగున్నయి. మా సంఘంల అందరు నా ఈడోళ్లే. జెర పెద్దగ చెయ్. నాలుగ్గంటలకు మల్లొస్త."

"అంతేనా? ఫికర్ చెయ్యకు" అన్నాడు బాబూమియా.

ఏమవుతుందో నాకు తెలుసు. ఆయనకు తెలియదు. బీరయ్య మెట్లు దిగగానే ఆయన హెడింగుల అక్షరాలు పెద్దవి చేశాడు.

పెద్దవైన అక్షరాలు పాత లైనులో పట్టవు కదా. ప్రతి లైను చివర రెండు మూడు మాటలు కిందికి జారాయి. జారినవి పోయి నంబరు కింద పడ్డాయి. వాటి తర్వాత ఆయన కొట్టిన ఎంటరు, ఆ తర్వాత ఆయన కొట్టిన స్పేసులు, మధ్యలో ఇంత గుంత. పేజీ తర్వాత పేజీ తిప్పాడు. అన్నిట్లోనూ అంతే. పంతొమ్మిది రోజుల పనిలో ఒక్క హెడింగు కూడా నిలబడలేదు.

ఆయన అరవలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, 1.1 దగ్గరికి వెళ్లాడు. వేలు లేపాడు. టక్. సాయంత్రం నాలుగింటికల్లా రెండువందల పన్నెండు కావని చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. ఆయనకూ అయింది. ఆరో హెడింగు దాకా వచ్చాడు. బయట మసీదులోంచి అజాన్ వినపడితే లేచాడు.

"నమాజుకు పోయొస్త. వచ్చినంక చూస్త. గాకపోతే... బోర్డు మీన మేకులు తుప్పు వట్టినయి, ఎట్ల తీస్తరో ఏమో" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా నేను కదల్లేదు. తర్వాత ఆయన లేచిన కుర్చీలో కూర్చున్నాను. పాత ఫైలు దాచిపెట్టి, కాపీ తీసుకుని, ఆయన కొట్టిన ఎంటర్లు, స్పేసులు అన్నీ ఒక్క ఆదేశంతో తీసేయించాను. నంబరుకు, మాటకు మధ్య ఒక ట్యాబ్. తర్వాత 1.1 దగ్గర కొలత పెట్టాను. నొక్కాను. రెండువందల పన్నెండు హెడింగులూ ఒక్కసారిగా లోపలికి జరిగి నిలబడ్డాయి. మొత్తం పావుగంట.

ఖుష్బూ సూదీదారం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇంతేనా అక్కా?" అంది. "మరి పంతొమ్మిది రోజులు చాచాను గట్ల చూసుకుంట కూసున్నమా?"

అది నన్ను నిందించలేదు. ఇద్దరినీ కలిపే అంది. అయినా దాని వైపు చూడలేకపోయాను.

బాబూమియా వచ్చాడు. తెర చూశాడు. నా కుర్చీ పక్కన వంగి, స్కేలు తీసి తెరకు ఆనించి ఒక్కొక్క హెడింగు చూసుకుంటూ పోయాడు. మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి బతికాననుకున్నాను. అంతలో ఆయన రెండో లైను ముందరికి పోయి, బాణం గుర్తు మీట నొక్కాడు. ఖాళీలో ఒక్కొక్క స్పేసు మీదుగా నడవాల్సిన కర్సరు గీత, ఒక్క నొక్కుతో పై లైనుకు దూకింది.

"ఈడ స్పేసులేవి?"

"లేవు చాచా. కొలత పెట్టిన."

"ఏం లేకుంట ఎట్ల నిలవడ్డది?"

సీసం రోజుల్లో ఖాళీ అంటే ఏమీ లేకపోవడం కాదు. అచ్చు పడని చోట కూడా చిన్న సీసం ముక్కలు పేర్చేవాళ్లు. ఒక్క ముక్క తక్కువైనా లైను వదులై, పేజీ ఎత్తగానే అక్షరాలన్నీ కింద రాలేవి. ఆయన వేలికి అదే అలవాటు. ఒక్కొక్క స్పేసునూ ముక్కలాగే పెడుతూ వచ్చాడు. అది పంతొమ్మిది రోజులు వెనకాల నిలబడి చూసి కూడా అప్పుడే నాకు తట్టింది.

"ఇది నీకు ఎప్పటిసంది తెలుసు?"

అబద్ధం చెప్పొచ్చు. ఇప్పుడే దొరికిందనొచ్చు. ఆయన నమ్మేవాడు కూడా. "కోఠీల ఉన్నప్పటిసంది" అన్నాను.

తిడతాడని చూశాను. తిడితే నాకూ నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి. హెడింగులు నావి అన్నది ఎవరు? కుర్చీ జరిపింది ఎవరు? అన్నీ వరుసగా పెట్టుకున్నాను. ఆయన తిట్టలేదు.

"నీకు నేర్పుతున్న అనుకున్న బిడ్డా" అన్నాడు.

"ఏంది చాచా?"

"హెడింగులు నావి అన్న. నా తర్వాత ఎవరివి మరి? నువ్వు రోజూ నా ఎన్క వచ్చి నిలవడ్తివి. ఈ ఖుష్బూ గూడ వచ్చి లెక్కవెడ్తుండె. పిల్లలకు ఇష్టం వుట్టింది అనుకున్న. నీకు మంచిగ కనవడాలని నిమ్మలంగ కొట్టిన. లేకుంటే పది రోజుల పనే."

వరుసగా పెట్టుకున్న నా మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వేలు గాల్లో ఆగింది వయసు వల్ల కాదు, నా వల్ల. ఏడుపొచ్చింది. ఖుష్బూ అప్పటికే వెనక గదిలోకి పారిపోయింది.

"ఏడ్పు తర్వాత" అన్నాడాయన, తెర మీదినుంచి చూపు తిప్పకుండానే. "పన్నెండో అధ్యాయం తియ్."

తీశాను. ఆఖరి హెడింగు. '12.14 బర్రెను అమ్మినంక కొన్నోని ఇంటి దిక్కు నెలదాంక పోవద్దు, అది గుర్తువడ్తది, నువ్వు ఏడుస్తవ్.' మొదటి లైనులో మాట, రెండో లైను కన్నా వేలెడంత ఎడంగా మొదలైంది. వెనక్కి తిప్పాను. 10.10 మొదలుకుని అంత పొడుగు నంబర్లన్నీ అలాగే ఉన్నాయి. నేను చూడనే లేదు. ఆయన జబాన్ కాపాడాననుకుని, మూడు అధ్యాయాల్లో ఆ హెడింగులన్నీ వంకరగా అచ్చుకు పంపేదాన్ని.

"1.1 చూసి కొలత వెట్టినవ్. చిన్న నంబరు జాగల పెద్ద నంబరు పట్టలే, మాటను అవుతలికి తోసింది. పుస్తకంల అన్నిటికన్న పెద్ద నంబరు ఏదో ముందుగాల చూడాలె. దానికి జాగ ఇస్తే చిన్నవి అండ్లనే సర్దుకుంటయి. మొదటి వారమే చెప్పిన. నువ్వు చాయ్ పందెంల ఉంటివేమో, ఇనలే."

పందెం సంగతి కూడా తెలుసన్నమాట. నేను తల వంచుకుని కుర్చీలోంచి లేవబోతే, ఆయన నన్ను కూర్చోమని, పక్కకు ఒక స్టూలు లాక్కున్నాడు.

"ఆ కొలత ఏడ మారుస్తరు?"

చూపించాను. 12.14కు ఎంత జాగా కావాలో స్కేలుతో చూసి, ఆ అంకెను తన వేలితోనే కొట్టాడు. నొక్కాడు. రెండువందల పన్నెండు హెడింగులు ఒక్క అడుగు లోపలికి వేశాయి. ఆయన ఉలిక్కిపడి వేలు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత కొలత తగ్గించి చూశాడు. పెంచి చూశాడు. "ఎట్లంటే అట్ల ఇంటున్నయి కదనే!" అని మళ్లీ తగ్గించాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, నాలుగింటికి బీరయ్య వస్తాడన్న సంగతి మరిచిపోయి, హెడింగులను అరగంట సేపు లోపలికీ బయటికీ నడిపించాడు. నాకు నవ్వొచ్చింది. ఈసారి దాచుకోలేదు.

బీరయ్య నాలుగింటికి వచ్చి, కొత్త ప్రూఫు చెయ్యి అంతగా చాపకుండానే చదివాడు. 12.14 దగ్గర ఆగి, ముక్కు ఎగబీల్చి, పేజీ తిప్పాడు.

"ఒక్క బర్రె గూడ తలుగు తెంపలే భాయ్! పొద్దున కెల్లి సాయంత్రందాంక ఎట్ల చేసినవ్?"

"నేను పంతొమ్మిది రోజులు చేసిన. అది కూలిపోయింది" అన్నాడు బాబూమియా. "నిలవెట్టింది మా యశోద. పావుగంటల. గని ఆ పావుగంట పని చెప్పనీకి పంతొమ్మిది రోజులు తీస్కుంది. ఇంత నిమ్మలంగ నేర్పే ఉస్తాదు నాకు ఇంతకుముందు దొరకలే."

బీరయ్య ఏం అర్థమైందో ఏమో పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. చెవులు మాత్రం కాలిపోయాయి.

"అవునుగని, ముందల ఏది ఏ పేజీల ఉందో ఆ పట్టీ లేదేంది? మావోల్లు అదే సదువుతరు" అన్నాడు బీరయ్య.

విషయసూచిక. అంటే ఆ రెండువందల పన్నెండు పొడుగు హెడింగులే, నంబర్లతో సహా, మళ్లీ మొదటినుంచి. గడియారం నాలుగూ పావు చూపిస్తోంది. బాబూమియా లేచి నిలబడి, కుర్చీ నా వైపు తిప్పాడు.

"కూసో. హెడింగులు ఇగ నువ్వే కొట్టు."

కూర్చున్నాను. ఆయన కళ్లజోడు సరిచేసుకుని నా కుర్చీ వెనకాలకు వచ్చాడు. వంగి, తెర మీదికి తొంగిచూశాడు.

"నిమ్మలంగ కొట్టు బిడ్డా" అన్నాడు. "నాక్కనవడాలె."

ఐదింటికి ఫైలు పోవాలి. అయినా నిమ్మళంగానే కొట్టాను.